పదకొండు పాలసీలు, ఒక కుడిచెయ్యి

2021 సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టరు గారు మా ఆఫీసు బల్ల మీద బట్టల దుకాణం సంచి ఒకటి బోర్లించారు. అందులోంచి పదకొండు బీమా పాలసీలు, నాలుగు ప్రీమియం రశీదులు, ఒక పెళ్ళి శుభలేఖ, ఎవరిదో ఎక్స్‌రే కవరు బయటపడ్డాయి. "సంవత్సరానికి తొమ్మిది లక్షల నలభై వేలు కడుతున్నానండీ. ఎందుకు కడుతున్నానో మాత్రం తెలియదు. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో మీరే చెప్పాలి" అన్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఈ డెల్టాలో, తణుకు నుంచి అమలాపురం దాకా, ఎక్కువగా డాక్టర్లకే బీమా సలహాలు ఇస్తున్నాను. ఇలాంటి సంచులు చాలా చూశాను. ఈ ఒక్కటి వివరంగా రాయడానికి కారణం ఉంది. అప్పుడు మేము రాసుకున్న ప్రణాళిక కాగితాన్ని మూడేళ్ళు తిరక్కుండానే రెండుసార్లు బయటకు తీయాల్సి వచ్చింది. ఒకసారి అది నిలబడింది. ఇంకోసారి నేను తల దించుకున్నాను. డాక్టరు గారి అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు, కొన్ని అంకెలు గుండ్రం చేశాను.

వారిది పాలకొల్లు ప్రాంతం. ఇరవై అయిదు పడకల నర్సింగ్ హోము. ఆయన ఎముకల డాక్టరు, వయసు అప్పటికి నలభై మూడు. ఆయన భార్య కాన్పుల డాక్టరు, నలభై ఏళ్ళు. ఇద్దరు పిల్లలు. పైన ఆయన తల్లిదండ్రులు, తండ్రి బడిపంతులుగా రిటైరయినవారు. ఖర్చులు పోగా ఏడాదికి ఆయన సంపాదన 42 లక్షలు, ఆవిడది 30 లక్షలు. భవనం, ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపించే సి-ఆర్మ్ యంత్రం, స్కానింగు కోసం తెచ్చిన బ్యాంకు అప్పు ఇంకా కోటి తొంభై లక్షలు ఉంది. నెలకు రెండున్నర లక్షల వాయిదా. అప్పు పత్రాల మీద ఇద్దరూ సొంత హామీ సంతకాలు పెట్టారు.

ఇక సంచిలోని సరుకు. పదకొండింటిలో తొమ్మిది ఎండోమెంటు, మనీబ్యాక్ పాలసీలు, అంటే పొదుపూ బీమా కలిపి అమ్మేవి. ఒక్కో పాలసీ వెనక ఒక్కో మొహమాటం ఉంది. రెండు బావమరిది కోసం, ఒకటి అప్పు మంజూరు చేసిన మేనేజరు అడిగితే, ఒకటి తుంటి ఎముక ఆపరేషన్ చేయించుకున్న ఏజెంటు గారి కృతజ్ఞతకు ప్రతిఫలంగా. అన్నీ కలిపితే ఆయన చనిపోతే వచ్చేది కోటి పన్నెండు లక్షలు, ఆవిడ చనిపోతే 38 లక్షలు. అంటే ఆయనకు ఏమైనా జరిగితే వచ్చే సొమ్మంతా బ్యాంకుకే పోయినా ఇంకా 78 లక్షలు బాకీ ఉంటుంది. మిగిలిన రెండు వృత్తి బాధ్యత పాలసీలు. వైద్యంలో తప్పు జరిగిందని రోగి కేసు వేస్తే పరిహారం, లాయరు ఖర్చులు భరించేవి. డాక్టర్లు ఇండెమ్నిటీ అంటారు. ఇద్దరికీ చెరో పాతిక లక్షలు. నర్సింగ్ హోము పేరు మీద ఏమీ లేదు. ఆరోగ్య బీమా లేదు. ప్రమాద బీమా అంటే బ్యాంకు ఏటీఎం కార్డుతో వచ్చేదే.

అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టని మా పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట పైకి అనలేదు.

నేను మొదట పట్టుకున్నది జీవిత బీమాను కాదు, ఇండెమ్నిటీని. చాలామంది సలహాదారులు దీన్ని చివర్లో, చిల్లర వ్యవహారంలా చూస్తారు, ఎందుకంటే దాని మీద వచ్చే కమీషన్ కూడా చిల్లరే. కానీ మనిషి చనిపోవడం కన్నా రోగి నుంచి నోటీసు రావడమే డాక్టరు జీవితంలో ఎక్కువ సంభవం. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు, ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చాక డెల్టాలో నర్సింగ్ హోములకు నోటీసులు కొత్త కాదు. 2019 చట్టం అమల్లోకి వచ్చాక ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. కేసు ఏ స్థాయి వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలన్నది అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన ఫీజును బట్టి నిర్ణయిస్తారు. ఫీజు 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే. మన ప్రాంతంలో ఏ ఆపరేషన్‌కూ అంత ఫీజు ఉండదు. అందువల్ల కోటి రూపాయలు అడిగే కేసైనా జిల్లా కమిషన్‌లోనే, ఇంటికి దగ్గరలోనే పడుతుంది. "జిల్లా స్థాయే కదా, ఎంత వేస్తారు" అన్న ధీమాకు ఇప్పుడు ఆధారం లేదు.

ఆయన ఇండెమ్నిటీ పాలసీ తిరగేస్తుంటే మూడో పేజీలో నా కన్ను ఆగింది. రెట్రో తేదీ అన్న గడిలో 2018 అని ఉంది. "మీరు మొదటిసారి ఇండెమ్నిటీ ఎప్పుడు తీసుకున్నారు?" అని అడిగాను. 2012లో, ప్రాక్టీసు పెట్టిన ఏడాదే తీసుకున్నానని చెప్పారు. 2018లో ప్రీమియం కాస్త తక్కువని ఏజెంటు వేరే కంపెనీకి మార్చాడు. కొత్త దరఖాస్తులో పాత పాలసీ వివరాల గడి ఖాళీగా వదిలేశాడు. దానితో ఆరేళ్ళ ఆపరేషన్లు బీమా బయట పడ్డాయి.

ఇది అర్థం కావాలంటే ఈ పాలసీ పనిచేసే తీరు తెలియాలి. కారు బీమాలో ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉందా అని చూస్తారు. ఇండెమ్నిటీలో అలా కాదు. ఫిర్యాదు వచ్చిన రోజు పాలసీ నడుస్తూ ఉండాలి, వైద్యం జరిగిన రోజు రెట్రో తేదీ తరవాతిదై ఉండాలి. రెండూ కుదిరితేనే డబ్బు. ఒక్క సంవత్సరం రెన్యువల్ మరిచినా, కంపెనీ మార్చేటప్పుడు పాత తేదీ కొనసాగించమని రాయించుకోకపోయినా వెనకటి ఏళ్ళన్నీ కొట్టుకుపోతాయి. రిటైరయ్యాక కూడా కొన్నాళ్ళు ఇది కొనసాగించాలని నేను చెప్పేది అందుకే. చివరి ఆపరేషన్ చేసిన రోజుతో నోటీసుల రోజులు ముగియవు.

"రెండేళ్ళ గడువు ఉంది కదండీ, 2018కి ముందువన్నీ కాలం చెల్లినవే కదా" అన్నారు డాక్టరు గారు. గడువు రెండేళ్ళే, నిజం. కానీ ఆ రెండేళ్ళు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలన్నదే కోర్టుల్లో అసలు వాదన. రోగికి లోపం బయటపడిన రోజు నుంచి అని వాదిస్తారు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఎముకలో పెట్టిన ప్లేటు, స్క్రూలు ఏళ్ళ తరబడి లోపలే ఉంటాయి. ఈ వృత్తికి రెండేళ్ళ ధీమా చెల్లదు.

పాత తేదీ తిరిగి తెప్పించాలంటే 2012 నుంచి 2018 దాకా ఒక్క రోజు కూడా తెగకుండా పాలసీ నడిచిందని నిరూపించాలి. కాగితాలు ఎక్కడ? ఏజెంటు దగ్గర లేవు. పాత కంపెనీ శాఖ ఇచ్చింది రెండేళ్ళవే. ఇక్కడ ఆదుకున్నది డాక్టరు గారి తండ్రి, పంతులు గారు. 1986 ఆగస్టు గోదావరి వరదలో వాళ్ళ పాత ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయట. అప్పటి నుంచి ఏ కాగితమైనా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ట్రంకు పెట్టెలో వేసి, అటక మీద పెట్టడం ఆయన అలవాటు. కొడుకు పాలసీలు కూడా వరసగా, తేదీలవారీగా, దారం కట్టి పెట్టారు. వాటి నకళ్ళు, ఇప్పటివరకు తెలిసిన ఫిర్యాదులేవీ లేవన్న ప్రకటన జతచేసి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. నాలుగు నెలలకు కంపెనీ ఎండార్స్‌మెంట్, అంటే పాలసీని సవరించే పత్రం, ఇచ్చింది: రెట్రో తేదీ 2012. ఒక్క పేజీ కాగితం. దాని విలువ అప్పటికి నాకు కూడా పూర్తిగా తెలియదు.

ఇక పరిమితి. పాతిక లక్షలు ఎముకల డాక్టరుకే తక్కువ, కాన్పుల డాక్టరుకు మరీ తక్కువ. పుట్టిన బిడ్డకు ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిందని కేసు పడితే, ఆ బిడ్డ జీవితాంతం సంరక్షణ ఖర్చు లెక్కలోకి వస్తుంది. 2013లో సుప్రీంకోర్టు ఒక కోల్‌కతా కేసులో దాదాపు 6 కోట్ల పరిహారం వేసిందని ఈ వృత్తిలో తెలియనివారు ఉండరు. ఇద్దరికీ చెరో కోటికి పెంచాం. లాయరు ఖర్చులు కూడా ఆ కోటిలోంచే పోతాయి కాబట్టి చేతికి మిగిలేది అంతకన్నా తక్కువని గుర్తుచేశాను. ప్రీమియం ఎంతని ఆవిడ అడిగారు. చెప్పాక నవ్వి, "ఒకటి రెండు సిజేరియన్ల ఫీజు. దీనికా ఇన్నాళ్ళు వెనకాడింది" అన్నారు.

నర్సింగ్ హోముకు విడిగా పాలసీ తీసుకున్నాం. ఫిర్యాదులో మొదటి ప్రతివాది దాదాపు ఎప్పుడూ ఆసుపత్రే, డాక్టర్లు తరవాత వస్తారు. డాక్టరు సొంత పాలసీ ఆసుపత్రి తరఫున జవాబు చెప్పదు. రాత్రి డ్యూటీ డాక్టరు, నర్సులు, అర్హత పత్రం లేని సహాయకులు ఎవరెవరు అందులో ఉన్నారో పేరుపేరునా చూశాం. ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం తేలింది. రాత్రిళ్ళు వార్డు చూసే ఆయనది హోమియో డిగ్రీ. హోమియో డాక్టరు అల్లోపతి మందులు రాస్తే అదే నిర్లక్ష్యం కిందికి వస్తుందని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బీమాతో కప్పిపుచ్చే విషయం కాదని చెప్పాను. రెండు నెలలు పట్టింది గానీ ఆయన స్థానంలో ఎంబీబీఎస్ చదివిన ఒక కుర్రవాణ్ణి తెచ్చుకున్నారు. భీమవరం నుంచి పిలిస్తే వచ్చే మత్తు డాక్టరు సొంత ఇండెమ్నిటీ నకలు తీసుకుని ఫైల్లో పెట్టమని కూడా రాశాను. అది అంత తేలిగ్గా తెగలేదు.

బీమాకు సంబంధం లేకపోయినా ఇంకో మాట కూడా చెప్పాను. వాళ్ళ అనుమతి పత్రం ఇంగ్లీషులో అచ్చువేసిన ఒకే ఒక్క పేజీ, అన్ని ఆపరేషన్లకూ అదే. 2008లో సుప్రీంకోర్టు, రోగికి వైద్యం స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు తెలిపి తీసుకున్నదే అనుమతి అని వివరంగా రాసింది. కొబ్బరి దింపు కార్మికుడు ఇంగ్లీషు కాగితం మీద వేసిన వేలిముద్ర కమిషన్ ముందు ఎంతవరకు నిలబడుతుంది? ఆవిడే కూర్చుని నాలుగు రకాల ఆపరేషన్లకు నాలుగు తెలుగు పత్రాలు తయారు చేశారు. నేను చదివిన అనుమతి పత్రాల్లో అంత చక్కని తెలుగు మరెక్కడా చూడలేదు.

జీవిత బీమా దగ్గర పని తేలికగానే అవుతుందనుకున్నాను. ఆయనకు అయిదు కోట్ల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు చనిపోతేనే డబ్బు వచ్చేది, రెండు ముక్కలుగా. రెండు కోట్లు అప్పు కింద బ్యాంకుకు రాసివ్వడానికి (అసైన్ చేయడానికి), మూడు కోట్లు భార్యాపిల్లల కోసం. రెండోదాన్ని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించాలని పట్టుబట్టాను. పెళ్ళయిన పురుషుడు తన ప్రాణం మీద తీసుకున్న పాలసీని భార్యాపిల్లల పేరిట ఈ చట్టం కింద రాస్తే అది వారి ట్రస్టు సొత్తవుతుంది. అప్పులవాళ్ళు, కోర్టు జప్తులు దాన్ని తాకలేవు. సొంత హామీ మీద అప్పు తెచ్చి, ప్రతి రోజూ నోటీసు భయంతో కత్తి పట్టే మనిషికి ఇంతకన్నా మంచి గోడ లేదు. కాకపోతే దరఖాస్తు వేసేటప్పుడే రాయాలి, ఆ తరవాత మార్చడానికి లేదు, దాని మీద అప్పు తెచ్చుకోవడానికి లేదు. బ్యాంకుకు రాసిచ్చే పాలసీని విడిగా పెట్టింది అందుకే.

ఆవిడకు రెండు కోట్లు. ఇక్కడ ఒక మెలిక. ఆ చట్టంలోని ఈ రక్షణ భర్త తీసుకునే పాలసీకే. భార్య తన ప్రాణం మీద పిల్లల కోసం తీసుకునే పాలసీకి ఇది వర్తించదు. "1874లో ఆడవాళ్ళు అప్పులు చేస్తారనుకోలేదేమో" అన్నారు ఆవిడ. పిల్లల్ని నామినీలుగా, వాళ్ళు మైనర్లుగా ఉన్నంతకాలం సొమ్ము అందుకునే అపాయింటీగా ఆవిడ చెల్లెల్ని రాసి, ఒక వీలునామా రాయించాం.

ఆలస్యమైంది బీపీ దగ్గర. దరఖాస్తు నింపుతూ, మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను. లేదన్నారు. ఎదురుగా బల్ల మీద టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్రల పట్టీ ఉంది. "అది కంట్రోల్లోనే ఉందండీ, చీటీ కూడా లేదు, నాకు నేనే వేసుకుంటున్నాను. రాయాల్సిన పని లేదు." డాక్టర్లలో ఇది చాలా మామూలు. ఎవరికీ చూపించుకోరు కాబట్టి ఎక్కడా నమోదు కాదు, నమోదు కాలేదు కాబట్టి లేనట్టేననుకుంటారు. పాలసీ మొదలైన మూడేళ్ళలోపు మనిషి పోతే, దాచిన ఆరోగ్య సమాచారాన్ని చూపి కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అప్పుడు ఫార్మసీ రికార్డు తెరిస్తే అన్నీ బయటపడతాయి. రాయకపోతే నేను ఈ పాలసీ చేయనని చెప్పి లేచాను. మూడో రోజు ఫోను చేశారు. ప్రీమియం పెరిగింది, రెండూ కలిపి సుమారు రెండు లక్షలయింది. ఇప్పటికీ ఆయనకు ఆ పెంపు మీద కోపమే.

పాత తొమ్మిదిలో మూడు గడువుకు దగ్గర పడ్డాయి, కొనసాగించాం. నాలుగు పెయిడప్ చేశాం, అంటే ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన మొత్తానికి ఉంచేశాం. రెండు సరెండర్ చేశాం, అంటే రద్దు చేసి వచ్చిన సొమ్ము తీసుకున్నాం. ఆ రెండూ బావమరిది చేయించినవే. సంక్రాంతికి ఆయన నాతో మాట్లాడలేదు.

ఆరోగ్య బీమా దగ్గర వాదన ఎప్పుడూ ఒకటే. "మాకెవరు బిల్లు వేస్తారండీ?" తోటి డాక్టరు ఫీజు తీసుకోడు, నిజమే. కానీ విశాఖపట్నమో హైదరాబాదో కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో మందులకు, పరికరాలకు బిల్లు వేస్తుంది. కోవిడ్‌లో ఈ సంగతి చాలామందికి తెలిసింది. పది లక్షల కుటుంబ పాలసీ, దాని పైన బిల్లు ఆ పరిమితి దాటితే ఆదుకునే సూపర్ టాపప్ తీసుకున్నాం. ఒక షరతు ఎర్ర సిరాతో గీసి చూపించాను: వైద్యం చేసే డాక్టరు పాలసీదారో, అతని దగ్గరి కుటుంబ సభ్యుడో అయితే ఆ డాక్టరు లెక్కలోకి రాడు. అంటే తమ సొంత నర్సింగ్ హోములో తామే చేసుకునే వైద్యానికి డబ్బు రాదు. తల్లిదండ్రులకు విడిగా చేయించాం. ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం తప్పలేదు.

భవనానికి, యంత్రాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష కింద, అంటే అయిదు కోట్ల లోపు ఆస్తుల కోసం 2021లో వచ్చిన పాలసీ కింద, వరద, తుపానులతో సహా బీమా చేయించాం. 1996 నవంబరు తుపాను చూసినవారికి దాని గురించి చెప్పాల్సిన పని లేదు. ఆడిటరు టర్మ్ ప్రీమియాన్ని నర్సింగ్ హోము ఖర్చులో రాస్తుంటే ఆపించాను. ఇండెమ్నిటీ వృత్తి ఖర్చు, జీవిత బీమా సొంత ఖర్చు.

ఇక ఈ కేసు అసలు నడుముకు వస్తాను. చనిపోతే అన్నది సరే, బతికుండి ఆపరేషన్ చేయలేకపోతే? సర్జన్ సంపాదనంతా ఒక చేతిలో ఉంటుంది. మన దేశంలో ప్రమాద బీమా పాలసీల్లో అంగవైకల్యానికి ఒక పట్టిక ఉంటుంది. చాలా పాలసీల్లో బొటనవేలు పూర్తిగా పోతే పాతిక శాతం, చూపుడువేలు పూర్తిగా పోతే పది శాతం, మధ్యవేలుకు ఆరు, చిటికెన వేలుకు నాలుగు. ఆ పట్టికకు గుమాస్తా వేలూ సర్జన్ వేలూ ఒకటే. తన సొంత వృత్తి చేయలేకపోతే నెలనెలా జీతంలా చెల్లించే పాలసీ కోసం నేను వెతకని సంవత్సరం లేదు. డాక్టరుకు ధైర్యంగా చూపించగలిగినది ఇక్కడ నాకు దొరకలేదు. పక్షవాతం లాంటి పెద్ద జబ్బులకు ఒకేసారి సొమ్ము ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఉంది గానీ, అందులో నరాల లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. చిన్న స్ట్రోకు వచ్చి చెయ్యి కొద్దిగా వణికితే రోగిగా ఆయన కోలుకున్నట్టే, సర్జన్‌గా ముగిసినట్టే.

అందుకని కోటి రూపాయల ప్రమాద బీమా, ముప్పై లక్షల క్రిటికల్ ఇల్‌నెస్ తీసుకున్నాం. అన్నిటికన్నా ముఖ్యంగా, నర్సింగ్ హోము జీతాలు, వాయిదాలు కలిపి నెలకు ఏడు లక్షల స్థిర ఖర్చుకు ఆరు నెలల సొమ్ము బ్యాంకులో విడిగా పెట్టించాను. రెండేళ్ళు పట్టింది ఆ 42 లక్షలు పోగవడానికి. అందులో కొంత, ఆపేసిన ఎండోమెంటు ప్రీమియాల నుంచే వచ్చింది.

ప్రమాద పాలసీ వివరిస్తూ నేను అన్న మాట ఇది: "తాత్కాలికంగా పని చేయలేకపోతే వారానికి బీమా మొత్తంలో ఒక శాతం ఇస్తారు." అప్పుడు ఆ వాక్యం కింద ఉన్న చిన్న అక్షరాల వాక్యం నేను చదివి వినిపించలేదు. నిజం చెప్పాలంటే, నేను కూడా సరిగ్గా చదవలేదు.

2023 నవంబరు. సార్వా కోతలు. మన రోడ్ల సంగతి తెలిసిందే, సగం దారి ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేరుస్తారు. నరసాపురం వైపు ఒక అత్యవసర కేసు చూసి రాత్రి పదకొండింటికి కాలువ గట్టు మీద వస్తుంటే, టార్పాలిన్ కప్పిన ధాన్యపు రాశి దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు. తప్పించబోయి కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. కుడి మణికట్టు ఎముకలు విరిగాయి, నరం దెబ్బతింది. నేరుగా తన నర్సింగ్ హోముకు వెళ్ళబోతుంటే ఆవిడ గుర్తుచేశారట, ఎర్ర సిరా గీత. రాజమండ్రిలో తోటి విద్యార్థి దగ్గర ఆపరేషన్ జరిగింది. బిల్లు రెండు లక్షల ముప్పై వేలు, ఆరోగ్య బీమా చెల్లించింది.

ఇరవై రెండు వారాలు ఆయన డ్రిల్లు పట్టలేదు. మొదటి నెల గడిచాక నన్ను పిలిచి, "వారానికి లక్ష అన్నారు కదండీ, వచ్చింది పదివేలేమిటి?" అన్నారు. కోటిలో ఒక శాతం లక్ష. కానీ ఆ చిన్న అక్షరాల్లో, వారానికి గరిష్ఠంగా పదివేలు అని ఉంది. సమర్థించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం, "మా అనుమతి పత్రాలు సరిగ్గా లేవని మీరే చెప్పారు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు నుంచి ప్రతి పాలసీలో పరిమితుల పేజీ ముందు నేను చదివి, ఖాతాదారు చేత చదివించి, పక్కన సంతకం పెట్టించుకుంటున్నాను.

శాశ్వత వైకల్యం క్లెయిమ్ ఇంకో పోరు. వేళ్ళన్నీ ఉన్నాయి, కాబట్టి పట్టికలో ఏ వరసా సరిపోదు. చివరి వరస ఒకటి ఉంటుంది, ఇతర వైకల్యాలకు వైద్యుడు నిర్ణయించిన శాతమని. మొదట వచ్చిన వైద్యుడు, తినగలరు, రాయగలరు, బండి నడపగలరు అని మూడు శాతం రాశాడు. మణికట్టు ఎంత తిరుగుతోందో, పట్టు బలం ఎన్ని కిలోలో ఎడమచేతితో పోల్చి కొలిపించి మళ్ళీ పంపాం. ఆరు శాతానికి వచ్చింది. ఆరు లక్షలు. వారాల సొమ్ము రెండు లక్షల ఇరవై వేలు అందులోంచి కోత వేయని పాలసీ కావడం మాత్రం నేను ముందే చూసి ఎంచినది. మొత్తం ఎనిమిది లక్షల ఇరవై వేలు. ఆ అయిదు నెలల్లో ఆయన పోగొట్టుకున్నది పదిహేడు లక్షల పైమాటే. ఒక్క జీతం ఆగకుండా, ఒక్క వాయిదా తప్పకుండా నర్సింగ్ హోమును నడిపింది బీమా కాదు, ఆ విడిగా పెట్టిన సొమ్ము, ఆవిడ కాన్పులు.

చేతికి కట్టు ఉండగానే, 2024 ఫిబ్రవరిలో నోటీసు వచ్చింది. 2017లో కొబ్బరిచెట్టు మీంచి పడిన ఒక దింపు కార్మికుడికి తొడ ఎముకకు ఈయన ప్లేటు వేశారు. 2023లో ఆ ప్లేటు లోపల విరిగింది. నాసిరకం ప్లేటు వేశారని, మళ్ళీ చెట్లెక్కవద్దని చెప్పలేదని, 35 లక్షలు ఇప్పించాలని. అటక మీది కాగితాలు అప్పుడు గుర్తొచ్చాయి. 2017. ఆ ఎండార్స్‌మెంట్ లేకపోతే ఆయన ఒంటరిగా నిలబడాల్సిన సంవత్సరం.

డాక్టరు గారి మొదటి ఆలోచన వేరు. ఆ కార్మికుడి కొడుకు పంతులు గారి దగ్గర చదువుకున్నాడు. "నేను వెళ్ళి మాట్లాడి, మానవత్వంతో యాభై వేలు ఇచ్చి వస్తాను" అన్నారు. ఆపాను. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా, డబ్బు ఇస్తానన్నా పాలసీ షరతు తప్పినట్టే. మానవత్వానికి అడ్డుపడ్డానని నాకూ బాధగానే ఉంది, కానీ ఆ యాభై వేలు రేపు కమిషన్‌లో ఒప్పుకోలుగా చదవబడేవి. అదే రోజు కంపెనీకి తెలియజేశాం. ఏప్రిల్లో ఫిర్యాదు దాఖలైంది. జవాబుకు ముప్పై రోజులు, ఆ పైన ఇంకో పదిహేను, అంతే. ఆ నలభై అయిదో రోజు దాటితే కమిషన్‌కు కూడా మన్నించే అధికారం లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మేము ఇరవై ఆరో రోజున వేశాం. రోగి అడిగిన రికార్డులు డెబ్బై రెండు గంటల్లో ఇవ్వాలన్న నిబంధన కూడా పాటించాం. ఏడేళ్ళ నాటి కేసు షీటు దొరకడం మళ్ళీ పంతులు గారి పుణ్యమే. ఆయన ఆసుపత్రి కాగితాలకు కూడా అటక అలవాటు నేర్పారు.

కేసు ఇంకా నడుస్తోంది. లాయరు ఖర్చులు ఇప్పటికి లక్షా పదివేలయ్యాయి, మినహాయింపు పోగా కంపెనీ చెల్లించింది. డాక్టరు గారు ఇప్పుడు పెద్ద ఎముకల ఆపరేషన్లు మానేశారు. చిన్నవి చేస్తున్నారు, మిగతావి భీమవరం నుంచి వారానికి రెండు రోజులు వచ్చే కుర్ర సర్జన్‌కు వదిలేశారు. సంపాదన మూడో వంతు తగ్గింది. దానికి ఏ పాలసీ లేదు. ఆ లోటుకు తగ్గట్టు అప్పు వాయిదాలు సాగదీసి, పెద్దబ్బాయి చదువు సొమ్మును మళ్ళీ లెక్కవేశాం. 2025 సెప్టెంబరు నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ పోయింది కాబట్టి ప్రీమియాల్లో కాస్త మిగిలింది. ఇండెమ్నిటీ మీద పద్దెనిమిది శాతం అలాగే ఉంది. ప్రమాద బీమాను వారం పరిమితి ఎక్కువగా ఉన్న పాలసీకి మార్చాం. ఈసారి చిన్న అక్షరాలు ఆవిడే పైకి చదివారు.

భీమవరం మత్తు డాక్టరు గారు తన ఇండెమ్నిటీ నకలు మాత్రం ఇంకా ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా కారులో ఉందని చెబుతున్నారు. గత నెల నుంచి ఆవిడ ఆయన కారు తాళాలు కూడా అడుగుతున్నారు.